ఎమ్రీ కాగితం మింగిన పేర్లు

పాత తుపాకుల్ని గోదావరి తేమ కన్నా ఎమ్రీ కాగితమే ఎక్కువ పాడుచేసింది. మా నాన్న రాజమండ్రిలో తుపాకులు బాగుచేసేవారు. దసరా దగ్గరపడితే చాలు, ఆయుధపూజకని పాలేరు చేత ఎమ్రీ కాగితంతో గొట్టాన్ని తళతళా తోమించి పంపేవారు పెద్దిళ్లవాళ్లు. నాన్న దాని మీద వేలితో తడిమి, "పేరేదయ్యా?" అనేవారు. చెక్కిన కంపెనీ పేరు, నంబరు నునుపుదేలిపోయి ఉండేవి.

మన జమీందార్ల వేట తుపాకులు చాలామటుకు ఇంగ్లండులో తయారై మద్రాసు మీదుగా వచ్చినవే. గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ తుపాకులు కూడా అమ్మేది. గొట్టం మీద బోరు అంకె చూస్తేనే సగం చరిత్ర తెలుస్తుంది. 1907 ప్రాంతంలో ప్రభుత్వం .450 బోరు రైఫిళ్లను ఇండియాకు రానివ్వడం మానేసింది. అదే బోరు మార్టినీ-హెన్రీ రైఫిళ్లు చేతబట్టిన తిరుగుబాటుదార్లకు ఆ గుళ్లు దొరుకుతాయని భయం. కంపెనీలవాళ్లు తక్కువ తిన్నారా? .465, .470 అని కొత్త బోర్లు దించారు!

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1879 రంప ఫితూరీ మన కొండల్లోనే కదా. ఆ తర్వాత కూడా, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా పడి 26 తుపాకులు, సుమారు రెండున్నర వేల తూటాలు పట్టుకుపోయాడు. పట్టుకుపోయినవి స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం చేశాడు. వాటిలో ఒకటి ఇవాళ మన ముందుకొచ్చినా, నంబరు చెరిగిపోయి ఉంటే ఎవరు నమ్ముతారు?

పేరూ నంబరూ చెరక్కుండా శుభ్రం చేయడానికి నాన్న పద్ధతి ఇది. గొట్టం మీద కాలం తెచ్చిన ముదురు గోధుమ రంగు ఇనుమును తినే తుప్పు కాదు, దాన్ని ముట్టుకోకూడదు. ఎర్రటి పొడి రాల్చేదే తినే తుప్పు. దానికి నూనె పట్టించి ఒకరోజు ఉంచి, మెత్తని గుడ్డతో తుడవాలి, అంతే. మందు దట్టించి కాల్చే తుపాకి లోపలి మసి చెమ్మ లాగుతుంది కాబట్టి వేణ్ణీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. మడమ కర్రకి వార్నిష్ జోలికి పోనేకూడదు. నిలబెట్టేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉంచేవారాయన. లేకపోతే నూనె కారి కర్రలోకి దిగి, ఏళ్లు గడిచేకొద్దీ కర్ర మెత్తబడిపోతుంది. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే డ్రైవరు లేకపోతే ఆ రోజుకి పని ఆపేసేవారు. తోలు సంచిలో దాచడం మరీ ప్రమాదం, అది చెమ్మని పట్టి ఉంచుతుంది. కోనసీమ వానాకాలంలో వేరే చెప్పాలా!

ఇలా కాపాడుకున్నా అన్నీ ఇంట్లో ఉంచుకోలేం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ మనిషికి రెండు తుపాకులే అంది. అంతకుముందు మూడు ఉండేవి. తాతలనాటివైనా లెక్క అంతే. మూడోది ఏడాదిలోగా ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించమన్నారు. ఎన్నికలొచ్చినప్పుడు కూడా చాలామంది ఠాణాలో జమచేయాల్సిందే. జమచేసే ముందు నూనె రాయండి, నంబరుకీ కంపెనీ ముద్రకీ ఫొటో తీసుకోండి. తాతగారి లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు చెదలు తిన్నా సరే పారేయకండి. కొనేవాడైనా మ్యూజియంవాడైనా ముందు అడిగేది ఆ కాగితాలే.