కట్టమైసమ్మకు ఇచ్చిన మాట

ఆషాఢమాసం వచ్చిందంటే మా చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధులలో డప్పుల మోత మొదలవుతుంది. మొన్నటి బోనాల ఆదివారంనాడు ఆ మోత వెంటే నేనూ నడిచాను. ఇందిరాపార్కు ప్రక్కగా వెళ్ళి లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు ఎక్కితే, హుస్సేన్‌సాగరం కట్టకు దిగువన కట్టమైసమ్మ గుడి. క్రొత్త ఆటోలు, కార్లు పూలదండలతో వరుసగా నిలిచి ఉన్నాయి. చక్రాల క్రింద నిమ్మకాయలు పెడుతున్నారు. తలమీద బోనాలతో, వేపమండలతో స్త్రీలు ఎండలో కదలక నిలబడి ఉన్నారు. బోనమంటే భోజనమే. ఆ మాట ప్రజల నోట నలిగి బోనమయింది.

మైసమ్మ శబ్దానికి ‘మహిషమ్మ’ మూలమనీ, మహిషాసురమర్దనియే ఈమె అనీ కొందరు పెద్దలు చెబుతారు. తెలుగు పండితుడిగా తరగతిలో నేనూ అలాగే చెప్పాను. కాని అసలు సంగతి ఆ పేరుకు ముందు చేరే చిన్న మాటలో ఉన్నదని ఆలస్యంగా గ్రహించాను. చెరువుకట్టను కాచేది కట్టమైసమ్మ. కోటను కాచేది కోటమైసమ్మ. దుండిగల్ దగ్గర గండిమైసమ్మ పేరుతో ఒక కూడలే ఉన్నది. అంటే ఎక్కడ భయమున్నదో అక్కడ అమ్మ ఉన్నదన్నమాట.

ఇక్కడి భయం నీటి భయం. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో హుస్సేన్‌షా వలీ ఈ చెరువును కట్టించాడు. హైదరాబాదు నగరానికి పునాది పడింది 1591లో. ఊరికంటె చెరువే ఇరవైతొమ్మిదేండ్లు పెద్దది. దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి వాసులమైన మేమంతా ఆ కట్టకు దిగువన కాపురముంటున్నవాళ్ళం. ఈ సంగతి మాకు సంవత్సరంలో ఏ రెండు మూడు రోజులో గుర్తుకు వస్తుంది.

చెరువుకట్టలను గురించి తెలంగాణ పల్లెలలో ఒక కథ ఉన్నది. మా అమ్మ చెప్పగా విన్నది వ్రాస్తున్నాను.

ఒక రాత్రి కుంభవృష్టి. నీరడి లాంతరు పట్టుకొని కట్ట చూడబోయాడు. తూము తెరిచి మూసేవాడు, పొలాలకు నీళ్ళు పంచేవాడు, వానరాత్రి కట్ట మీద కాపలా ఉండేవాడు నీరడి. కట్టమీద జుట్టు విరబోసుకొని ఒక స్త్రీ కూర్చున్నది. ముఖాన రూపాయంత బొట్టు. “ఈ రాత్రి నేను వెళ్ళిపోతున్నా, కట్ట తెగుతుంది” అన్నది. నీరడి కాళ్ళమీద పడి, “ఊళ్ళో చెప్పివస్తాను తల్లీ, నేను తిరిగివచ్చేదాకా కదలనని మాట ఇయ్యి” అని వేడుకొన్నాడు. అమ్మ మాట ఇచ్చింది. నీరడి పరుగున పోయి దొరకు చెప్పాడు. దొర ఆలోచించాడు. వీడు తిరిగివెళ్తే కదా కట్ట తెగేది! అక్కడికక్కడే వాడి తల తీయించాడు. నీరడి తిరిగిరాలేదు. అమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నది.

ఇదే కథను చార్మినారు దగ్గర లక్ష్మీదేవికీ కాపలావాడికీ అన్వయించి చెప్పడం చాలామంది వినే ఉంటారు. అనంతపురం సీమలో బుక్కరాయసముద్రం గండికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మరొకటి. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో దానినే ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా మలిచారు. పాత్రలు మారినా ఈ కథలన్నీ చెప్పే మాట ఒక్కటే: నిలిచిన ప్రతి కట్ట వెనుక ఒక మనిషి ఋణం ఉన్నది.

ఇది కట్టుకథే కావచ్చు. దాని వెనుకనున్న భయం మాత్రం కల్పితం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు నగరంలో వేలమంది మరణించారు. తరువాత వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ నదీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ లెక్క తేల్చారు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు తెగితే ఆ నీరంతా క్రిందిచెరువు కట్టమీద పడుతుంది. నాడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ స్వయంగా మూసీ ఒడ్డుకు వచ్చి పసుపు కుంకుమలు, చీర సమర్పించాడని జనం చెప్పుకొంటారు. పూజతో పని ముగిసిందని మాత్రం ఎవరూ అనుకోలేదు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఇక నా సంగతి. 2000 ఆగస్టులో, 23వ తేదీ రాత్రి. మరునాటి లెక్కలో నగరం వర్షపాతం 24 సెంటీమీటర్లు. అశోక్‌నగర్‌లో మేమున్న అద్దె ఇంట్లోకి అర్ధరాత్రి మోకాలిలోతు నీళ్ళు వచ్చాయి. నేను బియ్యం మూట, టీవీ మంచమెక్కించే హడావుడిలో ఉన్నాను. మా అమ్మ నీళ్ళలోనే నిలబడి ట్యాంక్‌బండ్ దిక్కుకు చేతులు జోడించి, “నీరటోడు ఇంక రాలే తల్లీ, జర ఆగు” అంటున్నది.

నాకు విసుగు వచ్చింది. “అమ్మా, కట్ట తెగలేదు. ఈ నీళ్ళు నాలావి” అన్నాను.

“గా నాలా యాడికెళ్ళి వస్తున్నది బిడ్డా?” అన్నది.

ఇన్నేండ్లు పాఠాలు చెప్పిన నాకు జవాబు తోచలేదు. హుస్సేన్‌సాగరం నిండి పొర్లిన నీరే ఆ నాలా. అశోక్‌నగర్, నల్లకుంట ప్రాంతాల మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. దాని ఒడ్డున ఇళ్ళు కట్టుకొని, దానిని మురుగుకాలువగా మాత్రమే చూడడానికి మేము అలవాటుపడ్డాము. బడి మొగమెరుగని మా అమ్మకు ఆ నీటిదారి తెలుసు.

ఆ రాత్రి బీరువా క్రింది అరలో ఉన్న ఒక నోటుపుస్తకం తడిసి ముద్దయింది. అమ్మ పాడుతుండగా నేను వ్రాసుకొన్న బోనాల పాటలు అందులో ఉన్నాయి. టీవీ గుర్తుకు వచ్చింది గాని ఆ పుస్తకం నాకు గుర్తుకు రాలేదు. “మళ్ళీ చెప్తాలే” అన్నది అమ్మ. రేపు, ఎల్లుండి, వేసవి సెలవులు అంటూ ఆరేండ్లు గడిపాను. 2006లో ఆమె పోయింది. పాటలూ ఆమెతోనే పోయాయి. కథగా మనసులో నిలిచింది గనుక ఇది ఒక్కటీ మిగిలింది.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో మళ్ళీ కుండపోత. మళ్ళీ మా పేటలో నీళ్ళు. ఆ రెండు రాత్రులూ అమ్మ మాట చెవిలో మ్రోగుతూనే ఉన్నది.

మొన్న గుడిలో కొబ్బరికాయ కొట్టి బయటకు వచ్చి, కట్టను తలెత్తి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. చిన్నతనంలో ఈ కథలో దేవి మహిమ కనిపించేది. నడివయస్సులో దొర క్రౌర్యం కనిపించింది. అరవై దాటిన తరువాత, లాంతరు పట్టుకొని వానలో వెళ్ళిన ఆ నీరడి కనిపిస్తున్నాడు. అమ్మ ఇచ్చిన మాట తప్పలేదు. వానరాత్రి కట్ట చూడబోయే మనిషినే మనం మళ్ళీ పంపలేదు.

మీ ఊరి చెరువుకట్ట మీద ఏ అమ్మ ఉన్నదో, ఆమెను గురించి ఏ కథ చెబుతారో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. చెప్పినది చెప్పినట్లు ఈ రోజే వ్రాసిపెట్టండి. వ్రాసినదానిని మాత్రం క్రింది అరలో ఉంచకండి.