పరీక్ష వేరు, కొలత వేరు: మహలనోబిస్ ‘దూరం’ నేపథ్యం

సాంఖ్యకశాస్త్రంలోని ‘సిగ్నిఫికెన్స్’కు తెలుగు పాఠ్యపుస్తకాలు ‘సార్థకత’ అనే మాటను స్వీకరించాయి. మాట అందమైనదే కాని, చెప్పవలసిన దానికంటె ఎక్కువ చెబుతుంది. సార్థకం అనగానే ప్రయోజనం గలదని, లెక్కచేయదగినదని మనం భావిస్తాం. శాస్త్రం చెప్పేది అంతకన్న తక్కువ: సమూహాల మధ్య భేదమే లేనట్లయితే, ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడటం అరుదు అని మాత్రమే. ఆ తేడా పరిమాణం వేరే ప్రశ్న. ఈ రెండింటినీ స్పష్టంగా విడదీసిన తొలి చర్చల్లో ఒకటి కలకత్తాలో జరిగింది.

నెల్సన్ అనండేల్ సేకరించిన కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించే పని ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు 1920లలో దక్కింది. అప్పటికి ప్రచారంలో ఉన్న సాధనం కార్ల్ పియర్సన్ బృందపు ‘జాతి సాదృశ్య గుణకం’. ఒక్కొక్క లక్షణంలో సగటుల తేడాను వర్గీకరించి, విస్తృతితో భాగించి, దాన్ని నమూనాల సంఖ్యపై ఆధారపడే ఒక గుణిజంతో హెచ్చించేవారు. చిక్కంతా ఆ గుణిజంలోనే ఉంది. కొలిచిన మనుషుల సంఖ్య పెరిగితే, వారి మధ్య భేదం ఏమాత్రం మారకపోయినా, గుణకం పెరుగుతుంది. అంటే రెండు ‘జాతులు’ ఎంత దూరమో నిర్ణయించేది పుర్రెల ఆకృతి కాక, మ్యూజియంలో పోగైన పుర్రెల లెక్క! పియర్సన్ బృందమూ దీనికి ఒక కుదించిన రూపాన్ని వాడిందన్నది నిజమే. అయితే లోపాన్ని సూత్రస్థాయిలో ఎత్తిచూపినది మహలనోబిస్. 1930లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసం శీర్షికలోనే ‘పరీక్షలు’, ‘కొలతలు’ అని రెంటినీ వేరుగా పేర్కొన్నాడు. లక్షణాల మధ్య సహసంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకొన్న సాధారణీకృత దూరం 1936లో వచ్చింది. హోటెలింగ్ 1931లో ప్రతిపాదించిన పరీక్ష ఈ దూరవర్గాన్ని నమూనా గుణిజంతో హెచ్చించినదే. పరీక్షలో సంఖ్య ఉండి తీరాలి, కొలతలో ఉండకూడదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో భారతీయ సాంఖ్యక సంస్థలో చేరి ఈ దారిలోనే నడిచాడు. మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి 1949లో ‘సాంఖ్య’లో వెలువరించిన సంయుక్త రాష్ట్రాల మానవమితి అధ్యయనంలో కులాలు, తెగల మధ్య దూరాలను లెక్కగట్టారు. సాధనం సరిపడింది. అసలు కులాన్ని శరీరంలో వెదకడం సబబేనా అన్న ప్రశ్నను మాత్రం ఏ సూత్రమూ అడగదు.

సాహిత్య పరిశోధకులకు ఇది దూరపు విషయం కాదు. ఒక రచయిత ‘కూడా’ అనే మాటను పదివేల మాటలకు 40 సార్లు, మరొకరు 42 సార్లు వాడారనుకుందాం. చెరొక లక్ష మాటలు పరిశీలిస్తే 400, 420. పరీక్షలో తేడా నిలవదు. చెరొక పది లక్షలైతే 4000, 4200, 0.05 స్థాయిలో అదే తేడా ‘సార్థకం’ అవుతుంది. శైలి మారలేదు, గ్రంథసముచ్చయం పెరిగింది. డిజిటల్ పాఠాలపై వస్తున్న సిద్ధాంతగ్రంథాల పట్టికల్లో సంభావ్యత విలువ పక్కన ఆ 40, 42 కూడా కనబడాలి. పదివేల మాటల్లో రెండు ‘కూడా’లు ఎక్కువైతే ఏ పాఠకుడి చెవికి వినబడుతుందో పరిశోధకుడే చెప్పవలసి ఉంటుంది.