పెన్సిల్ పేర్లు, పెన్ను పేర్లు

పొద్దున పది. శంషాబాద్ దగ్గరి పాల్మాకులలో ఉద్యోగాల కోసం పేర్లు రాసుకునేందుకు చెట్టు నీడన మడత బల్ల వేశారు. 44వ నంబరు హైవే మీద బెంగళూరు లారీల హోరు. నెత్తి మీదుగా విమానం పోతుంటే మాటలు ఆగి, మళ్లీ అందుకుంటాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పనుల గురించే అందరూ అడుగుతున్నారు. రిక్రూటర్ పక్క కుర్చీ మీది. రిజిస్టరు మీకూ కనిపిస్తోంది.

"అక్కా, ఎయిర్‌పోర్టుల లోడర్ పని ఉన్నదంట గదా?" బైకు దిగకుండానే అడిగి, నంబరు చెప్పి వెళ్లిపోయాడొకడు. ఆమె పెన్సిల్‌తో రాసుకుంది.

"ఈయన అడిగినోడే, ఇంకా అప్లికేషన్ పెట్టుకున్నోడు కాదు" అంది మీతో. సాయంత్రం ఫోన్ చేసి షిఫ్టులు, జీతం చెప్పాలి. ఇప్పుడే ఇంటర్వ్యూ టైము ఇస్తే రాడు.

ఇంటర్ మెమో, ఆధార్ జిరాక్సు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది, వెంట తల్లి. ఫారం నింపి సంతకం పెట్టింది. అప్లికెంట్. ఈసారి పెన్ను కదిలింది.

"నైట్ డ్యూటీ ఉంటదా బిడ్డా? బండి పంపిస్తరా?"

రిక్రూటర్ పెన్ను పక్కన పెట్టి తీరిగ్గా జవాబు చెబుతోంది. ఇప్పుడు తేలని ఈ సంగతి ఆఫర్ లెటర్ అందాక తేలితే, వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

రిజిస్టరులో మొదటి గడి అడిగినవాళ్లది, రెండోది అప్లికెంట్లది. మూడో గడి షార్ట్‌లిస్ట్: అర్హత చూసి, మాట్లాడి, సూపర్‌వైజర్ దగ్గరికి పంపదగ్గవాళ్లు. నాలుగోది సెలెక్ట్. విమానాశ్రయం లోపలి పనికి అదీ చాలదు. పోలీసు వెరిఫికేషన్ అవ్వాలి, పౌర విమానయాన భద్రత చూసే బీసీఏఎస్ నిబంధనల ప్రకారం ఎంట్రీ పాసు రావాలి. అప్పటిదాకా సెలెక్టయినవాడూ గేటు బయటే. ఆలోగా ఎవరూ పలకరించకపోతే, ఏ గోదాములోనో చేరిపోతాడు.

జాయినింగ్ తర్వాత కూడా ఒక గడి గీసి ఉంది: మూడు నెలలు. గ్రామీణ యువత శిక్షణకు కేంద్రం 2014లో తెచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలోనూ మూడు నెలలు పనిలో నిలిస్తేనే ప్లేస్‌మెంట్ లెక్క.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్. "ఎంతమంది దొరికిన్రు మేడమ్?"

"పెన్సిల్ పేర్లు రెండు పేజీలు సార్. ఫారాలు అండ్ల సగం గూడ లెవ్వు. షార్ట్‌లిస్ట్ అయిదుగురు. రేపు డ్యూటీ ఎక్కేటోళ్లు మాత్రం ఒక్కరు లేరు. కొత్తోళ్ల సంగతి నేను జూస్త, పాసు కోసం ఆగినోళ్ల ఫైళ్లు మీరు కదిలించుండ్రి."