నర్సులు పంపిన పేక కట్టలు: ఆన్-కాల్ రూల్ వెనక కథ

2019 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక సెనేటర్ ఆఫీసుకి పోస్టులో పేక కట్టలు రావడం మొదలైంది. ఒకటీ రెండూ కాదు, వెయ్యికి పైనే. పంపింది నర్సులు! ఎందుకు పంపారో తెలియాలంటే ముందు ఆన్-కాల్ అంటే ఏంటో చూద్దాం.

ఆన్-కాల్‌లో ఉన్న నర్సు డ్యూటీలో లేనట్టే, కానీ సెలవులో ఉన్నట్టూ కాదు. ఇంట్లోనే ఉంటారు, ఫోన్ మోగితే మాత్రం హాస్పిటల్‌కి పరిగెత్తాలి. ఊరు దాటలేరు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోలేరు. మరి ఆ టైమ్ ఎవరిది?

ఈ ప్రశ్న పాతదే. టెక్సస్‌లో ఒక మాంసం ఫ్యాక్టరీ ఫైర్ సిబ్బంది, పగలు పని చేసి రాత్రి అక్కడే అలారం కోసం కాచుకుని ఉండేవారు. ఆ టైమ్‌కీ జీతం కావాలని కోర్టుకెళ్లారు. 1944లో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, ఎదురుచూడటం కూడా పని కావచ్చు, కేసును బట్టి తేల్చాలి అని.

ఇప్పుడు సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి వద్దాం. అక్కడ 2002లో నర్సులతో బలవంతంగా ఓవర్‌టైమ్ చేయించకూడదని చట్టం వచ్చింది. అలసిపోయిన నర్సు చేతిలో పేషెంట్‌కే ప్రమాదం కదా. కానీ ముందే షెడ్యూల్ చేసిన ఆన్-కాల్‌కి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్ వస్తే ఎవరో ఒకరు రావాలిగా, అది న్యాయమే. చిక్కల్లా ఏంటంటే, రోజూ ఉండే స్టాఫ్ కొరతని కూడా ఆన్-కాల్‌తోనే నెట్టుకొచ్చే వీలు దొరికింది. పేరు మారింది, పని అదే.

ఈ సందు మూయడానికి, నర్సులకి మధ్యలో ఆటంకం లేని బ్రేక్ ఇవ్వడానికి 2019లో బిల్లు పెట్టారు. చిన్న పల్లె హాస్పిటళ్లు దీన్ని మోయలేవని సెనేటర్ మౌరీన్ వాల్ష్ వాదించారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ అదే ఊపులో, అక్కడి నర్సులు చాలాసేపు పేకాడుకుంటూ ఉంటారేమో అన్నారు. అంతే, పేక కట్టలు వచ్చిపడ్డాయి! ఆమె క్షమాపణ చెప్పారు.

బిల్లు పాసైంది, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న హాస్పిటళ్లకి ఇంకొంత గడువిచ్చారు. ఆన్-కాల్ రద్దు కాలేదు. కానీ షిఫ్టుకి మనిషిని వేయాల్సిన చోట బలవంతపు ఆన్-కాల్ పెట్టకూడదు. పేషెంట్ల సంఖ్యలో మామూలుగా వచ్చే హెచ్చుతగ్గులకీ దాన్ని వాడకూడదు.

నాకు అర్థమైంది ఒక్కటే. అత్యవసరం కోసం పెట్టిన మినహాయింపు మెల్లగా అలవాటైపోతుంది, ఎవరో గట్టిగా అడిగేదాకా. మీ ఇంట్లో నర్సు అక్కో పిన్నో ఉంటే అడగండి, ఈ నెల ఎన్ని రాత్రులు ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నారో. వాళ్ల జవాబు కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.