విమాన ప్రస్థానమున మాట పొరపాటు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మూడు భాషల కూడలి. ఇచ్చటి సంతలలో తెలుగు, తమిళము, కన్నడము ఒక్క నోటనే పలుకుచుండును. మనము 'ఏడు' అను సంఖ్యను కన్నడిగుడు 'ఏళు' అనును. ఆ మాటకే కన్నడమున 'లెమ్ము' అను అర్థమును గలదు. సంతలో దీనివలన చిక్కు లేదు. ముఖము చూచి భావము గ్రహింతుము. కాని ముఖము కానరాక, రేడియోలో వినవచ్చు కంఠము తప్ప వేరాధారము లేని చోట, ఒక మాటకు రెండర్థములున్నచో ఏమగునో విమానయాన చరిత్ర చెప్పుచున్నది.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. హోసూరు చేరువనున్న బేలగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ సంస్థవారి రన్‌వే కలదు. హోసూరున ఏటా 3 కోట్లమంది ప్రయాణికులకు చాలునట్టి విమానాశ్రయమును 2000 ఎకరములలో నిర్మింతుమని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2024 జూన్ 27న శాసనసభలో ప్రకటించెను.

విమానము బయలుదేరుటకు ఒక్క అనుమతి చాలదు. రన్‌వే వరకు నడచుటకు ఒకటి, ఆకాశమున పోవలసిన మార్గమునకు ఒకటి, రన్‌వేపై నిలుచుటకు ఒకటి, తుదకు పైకి లేచుటకు మరియొకటి కావలయును. మార్గానుమతి లభించినంతమాత్రమున లేచుటకు అనుమతి లభించినట్లు కాదు. ఈ భేదము మరుగుపడుటయే మహావిపత్తునకు దారితీసెను.

1977 మార్చి 27న స్పెయిన్ దేశమునకు చెందిన టెనెరిఫె ద్వీపమున మంచు దట్టముగా క్రమ్మియుండెను. కంట్రోల్ టవర్‌నుండి రన్‌వే కానరాదు. నేలమీది విమానములను చూపు రాడారును లేదు. కె.ఎల్.ఎమ్. విమానము రన్‌వే చివర నిలిచియుండగా, పాన్ ఆమ్ విమానము అదే రన్‌వేపై నడచుచుండెను. టవర్ మార్గానుమతి నొసగెను; అందు 'టేకాఫ్' అను పదము దొరలెను. డచ్చి పైలట్ విమానమును పరుగెత్తింపసాగెను. సహపైలట్ 'టేకాఫ్ వద్ద నున్నాము' అను భావము వచ్చునట్లు పలికెను. లేచుటకు సిద్ధముగా నిలిచియున్నారని టవర్ అధికారి తలచి, 'ఓకే' అని, పిదప ఆగుమనెను. అదే క్షణమున పాన్ ఆమ్‌వారును తాము రన్‌వేపైననే యున్నామని పలికిరి. రెండు కంఠములు కలియుటచే ఈలధ్వని పుట్టి, కె.ఎల్.ఎమ్.వారికి 'ఓకే' మాత్రమే స్పష్టముగా వినబడెను. 583 మంది మరణించిరి.

మంచు, ఆలస్యము, సిబ్బంది పనివేళల ఒత్తిడి మున్నగు కారణములును కలవు. అయినను 'ఓకే' అను మాట మన 'సరే' వంటిదని గమనింపవలయును. వింటిననుట, ఒప్పుకొంటిననుట, కానిమ్మనుట - మూడును 'సరే'లో ఇమిడియున్నవి.

మన దేశముననే 1996 నవంబరు 12న ఢిల్లీనుండి బయలుదేరిన సౌదీ విమానము 14,000 అడుగుల ఎత్తున నుండవలెను. దిగివచ్చుచున్న కజకిస్థాన్ విమానము 15,000 అడుగుల వద్ద నిలువవలెను. రెండవది అంతకంటె దిగుటచే చర్ఖీ దాద్రీ వద్ద అవి ఢీకొని 349 మంది మృతిచెందిరి. కజకిస్థాన్ విమానము అనుమతి లేక దిగుటయే ఈ అపాయమునకు మూలమనియు, దాని సిబ్బందికి ఆంగ్లజ్ఞానము చాలకుండుట అందులకు దోహదపడిన కారణములలో ఒకటియనియు లాహోటీ విచారణ సంఘము నిర్ణయించెను.

ఈ దుఃఖములనుండియే నియమములు బలపడినవి. 'టేకాఫ్' అను పదమును ఆ అనుమతి నిచ్చునపుడును, రద్దుచేయునపుడును మాత్రమే వాడవలెను; తక్కిన వేళల 'డిపార్చర్' అనవలెను. ముఖ్యమైన ఆజ్ఞను 'ఓకే' అని విడువక, విన్నవాడు తిరిగి యొప్పగింపవలెను. చెప్పినవాడు దానిని సరిచూడవలెను. అంకెలు కలగకుండ ఆంగ్లమున 9ని 'నైనర్' అనియు, 5ను 'ఫైఫ్' అనియు పలుకుదురు. అంతర్జాతీయ విమానయానమునకు పైలట్లకును నియంత్రణాధికారులకును 6 మెట్లలో కనీసము 4వ మెట్టు భాషాసామర్థ్యముండవలెనను నియమము 2008 మార్చి 5నుండి అమలులోనికి వచ్చెను.

మూడు భాషలు వినుచు పెరిగిన మన బిడ్డలకు ఒక లాభము కలదు. ఒకే ధ్వని వేరు చెవిని వేరర్థమిచ్చునని వారు బాల్యముననే యెరుగుదురు. రేపు వారిలో కొందరు పైలట్లుగనో, టవర్ అధికారులుగనో నిలిచినచో, 'సరే' అని ఊరకుండక, విన్నదానిని మరల పలికి నిశ్చయించుకొను అలవాటే వేలమంది ప్రాణములకు రక్ష యగును.