మైక్రోఫిల్మ్ నుంచి డిజిటల్ నిల్వకు: అమెరికా అణు విద్యుత్ కేంద్రాల రికార్డుల చరిత్ర

పారిశ్రామిక చరిత్ర అనగానే మీకు యంత్రాలు, పొగగొట్టాలు, కార్మికుల సమ్మెలు గుర్తుకు రావడం సహజం. ఈ భాగంలో మనం వాటిని కాస్త పక్కన పెట్టి ఒక కర్మాగారంలోని రికార్డుల గదిలోకి వెళ్దాం. అక్కడ కాగితం ఫిల్ముగా, ఫిల్ము డిస్కుగా మారిన తీరును పరిశీలిద్దాం. ఇందుకు అమెరికా అణు విద్యుత్ కేంద్రాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఏ రికార్డును ఎంతకాలం, ఏ రూపంలో దాచాలన్న విషయం మీద అక్కడ ప్రభుత్వ నిబంధనలు స్పష్టంగా లభిస్తాయి.

కాగితం లేకపోతే ఏమవుతుంది?

ముందుగా ఒక సంఘటన చూడండి. ఒహాయో రాష్ట్రంలో జిమ్మర్ అనే అణు విద్యుత్ కేంద్రం నిర్మాణం 1980ల ఆరంభానికి చాలావరకు పూర్తయింది. అయితే గొట్టాల అతుకులను ఎవరు వెల్డింగ్ చేశారు, ఎవరు తనిఖీ చేశారు, వాడిన ఉక్కు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే పత్రాలు చాలాచోట్ల సరిగా లేవు. 1982 నవంబరులో అమెరికా అణు నియంత్రణ కమిషన్ భద్రతకు సంబంధించిన నిర్మాణ పనులను ఆపించింది. 1984 జనవరిలో యజమాన్య సంస్థలు దానిని బొగ్గు కేంద్రంగా మారుస్తామని ప్రకటించాయి. 1991లో అది బొగ్గుతోనే పని ప్రారంభించింది.

నిర్మాణంలో లోపాలు లేవని కాదు. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సవ్యంగా జరిగిన పనిని కూడా సవ్యంగా జరిగిందని నిరూపించలేకపోయారు. కాంక్రీటు గోడ వెనక ఉన్న అతుకును మళ్లీ చూడలేం. దాని తరఫున మాట్లాడగలిగేది పత్రం ఒక్కటే. 1970లో అమెరికా ప్రభుత్వం అణు కేంద్రాల నాణ్యతకు 18 సూత్రాలను నిర్దేశించినప్పుడు, అందులో 17వ సూత్రాన్ని పూర్తిగా రికార్డులకే కేటాయించింది.

ఫిల్ము రోజులు

మైక్రోఫిల్మ్ అప్పటికే పాత విద్య. 1839లో జాన్ బెంజమిన్ డాన్సర్ పత్రాలను సూక్ష్మచిత్రాలుగా తీశాడు. 1870–71లో పారిస్ ముట్టడిలో ఉన్నప్పుడు రెనే డాగ్రాన్ తయారు చేసిన ఫిల్ములను పావురాలు మోసుకొచ్చాయి. 1920లలో జార్జ్ మెకార్తీ అనే న్యూయార్క్ బ్యాంకు ఉద్యోగి చెక్కులను ఫిల్మ్ మీద నకలు తీసే యంత్రం కనిపెట్టడంతో ఇది వ్యాపార రంగంలోకి వచ్చింది. కర్మాగారాలకు ఎక్కువగా ఉపయోగపడింది మాత్రం అపెర్చర్ కార్డు. ఇది కంప్యూటర్లకు వాడిన పంచ్ కార్డే. దానికి ఒక చిన్న కిటికీ కోసి, 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ముక్కను అందులో అమరుస్తారు. బల్ల నిండా పరచుకునే ఇంజనీరింగ్ డ్రాయింగు చేతిలో ఇమిడే కార్డుగా మారిపోతుంది.

ఫిల్ముకు ఉన్న గొప్ప గుణాన్ని మీరు ఇక్కడ గమనించాలి. సరిగా కడిగి, చల్లని పొడి గదిలో ఉంచితే, పాలియెస్టర్ ఆధారం మీది వెండి ఫిల్మ్ 500 ఏళ్లు నిలుస్తుందని అంచనా. దానిని చదవడానికి ఒక భూతద్దం, కాస్త వెలుగు చాలు. తయారు చేసిన కంపెనీ మూతపడినా ఫరవాలేదు. ఫిల్మ్ రీడర్ ముందు మెడ నొప్పి పుట్టేదాకా కూర్చున్న పరిశోధకుల్లో నేనూ ఒకణ్ణి. విసుక్కున్నాను గానీ, అక్షరం కనిపించని రోజు లేదు.

మరి అంత మన్నికైన దానిని ఎందుకు వదిలిపెట్టారు? నడుస్తున్న కేంద్రం మ్యూజియం వంటిది కాదు. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగాక అమెరికా అణు కేంద్రాలన్నీ అనేక మార్పులు చేయవలసి వచ్చింది. ఒక వాల్వు మారితే డ్రాయింగు మారుతుంది. ఫిల్ము మీది గీతను దిద్దలేం. కొత్త కార్డు తీసి, పాత కార్డును ప్రతి సొరుగులోంచీ ఏరివేయాలి. ఒక్క పాత కార్డు మిగిలిపోయినా, మరమ్మతు చేసే వ్యక్తి లేని గొట్టాన్ని వెతుకుతాడు, ఉన్నదాన్ని గమనించడు. పైగా ఫిల్ముకు నకలు, ఆ నకలుకు మరో నకలు తీస్తూ పోతే అక్షరాలు మసకబారతాయి. డిజిటల్ నకలుకు ఆ బాధ లేదు.

1988 నాటి లేఖ

1988 అక్టోబరు 20న అణు నియంత్రణ కమిషన్ ‘88–18’ సంఖ్యతో అన్ని కేంద్రాలకూ ఒక లేఖ పంపింది. నాణ్యతా రికార్డులను ఆప్టికల్ డిస్కుల మీద నిల్వ చేయడానికి అందులో ఆమోదం తెలిపింది. ఈ లేఖను మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. డిస్కు ఒకసారి రాస్తే మళ్లీ చెరపడానికి వీల్లేని రకమై ఉండాలి. ప్రతి రికార్డునూ రెండు డిస్కుల మీద రాసి, రెండో దానిని వేరే చోట ఉంచాలి. ప్రతిబింబం చదవగలిగేలా ఉందో లేదో చూశాకే అసలు ప్రతిని నాశనం చేయాలి. ఇంతవరకు ఇవి ఫిల్ము కాలపు జాగ్రత్తలే.

కొత్తదనం తరువాతి నిబంధనల్లో ఉంది. తయారీదారు హామీ ఇచ్చిన ఆయుష్షు ముగియకముందే రికార్డును కొత్త డిస్కులోకి ఎక్కించాలి. ఈ వ్యవస్థ స్థానంలో దానితో పొసగని కొత్త వ్యవస్థ వస్తే, పాతదాన్ని తీసివేయడానికి ముందే రికార్డులన్నీ కొత్త దానిలోకి మారాలి. ఫిల్ము విషయంలో మన్నిక వస్తువులోనే ఉంది. పెట్టెలో భద్రంగా పెట్టి మరిచిపోవచ్చు. డిస్కు విషయంలో మన్నిక మనిషి చేసే పనిలో ఉంది. ఆ పని ఏ తరంలో ఆగిపోతే రికార్డు అక్కడితో ఆగిపోతుంది. తాళపత్రం శిథిలం కాకముందే మరో తాటాకు మీదికి ఎత్తిరాసిన మన లేఖకులకు ఈ సంగతి కొత్తేమీ కాదు. చిత్రమేమంటే, ఆధునిక పరిశ్రమ ముందుకు వెళ్తున్నాననుకుంటూ ఆ పాత ధర్మానికే తిరిగి వచ్చింది.

ఈ భయం ఊరికే కలిగింది కాదు. ఆ రోజుల్లో ఒక కంపెనీ డిస్కు మరో కంపెనీ యంత్రంలో పనిచేసేది కాదు. బ్రిటన్‌లో బీబీసీ 1986లో ‘డూమ్స్‌డే’ పేరుతో ప్రజాజీవిత సమాచారాన్ని లేజర్ డిస్కుల మీద భద్రపరిచింది. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిని చదివే యంత్రాలు దొరకడం కష్టమైంది. పరిశోధకులు ప్రత్యేకంగా శ్రమించి ఆ సమాచారాన్ని బయటికి తీశారు. ఏ గ్రంథం స్మారకంగా ఆ పని తలపెట్టారో, 1086 నాటి ఆ తోలుపత్రాల గ్రంథం మాత్రం ఇప్పటికీ కంటితో చదవడానికి వీలుగానే ఉంది.

2000 అక్టోబరులో కమిషన్ మరో సూచనపత్రం వెలువరించి, ఎలక్ట్రానిక్ రికార్డుల నిర్వహణ కోసం అణు రికార్డుల నిపుణుల సంఘం 1998లో రూపొందించిన మార్గదర్శకాలను ప్రస్తావించింది. దృష్టి డిస్కు అనే వస్తువు నుంచి నిర్వహణ మీదికి మళ్లింది.

అదే ఏడాది మార్చిలో మేరీలాండ్ రాష్ట్రంలోని కాల్వర్ట్ క్లిఫ్స్ కేంద్రానికి లైసెన్సు పొడిగింపు లభించింది. అమెరికాలో అలా పొడిగింపు పొందిన మొదటి అణు విద్యుత్ కేంద్రం అదే. 40 ఏళ్ల గడువు 60 ఏళ్లయింది. 1975లో పని ప్రారంభించిన అక్కడి మొదటి యూనిట్‌కు ఇప్పుడు 2034 వరకు అనుమతి ఉంది. కట్టినప్పుడు తనిఖీదారు సంతకం చేసిన వెల్డింగ్ పత్రం ఏ రూపంలో ఉన్నా సరే, అప్పటికి ఉద్యోగంలో చేరే ఇంజనీరు దాన్ని తెరిచి చదవగలగాలి.