శని ఒక్కడే, పంచాంగాలు రెండు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాత పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

మా అక్క కూతురిది అనూరాధ నక్షత్రం. 2020లో పెళ్లి మాటలు నడిచాయి. మగపెళ్లివారి తిరుక్కణిత పంచాంగం ప్రకారం జనవరి 24న శని మకరంలోకి వచ్చేశాడు, పిల్లకు ఏలినాటి శని వదిలింది. మా ఇంటి వాక్య పంచాంగంలో అది డిసెంబర్ 27. తిరునళ్ళారు గుడిలోనూ వాక్యమే. బావగారు ఆగుదామన్నారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లి మరుసటి ఏడు జరిగింది. అప్పటికి మా అమ్మ లేదు.

పదకొండు నెలల తేడా ఎలా వచ్చిందని అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన.

పాత లెక్క మా రైలు లెక్క లాంటిదే. బండి ఎప్పుడు బయల్దేరిందో, సగటు వేగమెంతో తెలిస్తే ఇప్పుడెక్కడుందో చెప్పొచ్చు. కలియుగం మొదలైనప్పటి నుంచి గడిచిన రోజులను అహర్గణం అంటారు. సూర్యసిద్ధాంతంలో మహాయుగానికి 157,79,17,828 రోజులు, అందులో శనికి 1,46,568 చుట్లు. అంటే చుట్టుకు దాదాపు 10,766 రోజులు. అహర్గణాన్ని దీనితో భాగిస్తే మిగిలిన రోజులే శని ఎంత దూరం వచ్చాడో చెబుతాయి. ఇది మధ్యమ స్థానం. శని ఒకే వేగంతో నడవడు, మనకు వెనక్కి నడిచినట్టూ కనబడతాడు. అందుకే మందం, శీఘ్రం అని రెండు సవరణలు చేస్తారు.

నేటి కొలతలో చుట్టుకు 10,759 రోజులు. తేడా ఆరున్నర రోజులే! కానీ వెయ్యేళ్లలో శని 34 చుట్లు తిరుగుతాడు, అప్పటికి ఏడు నెలలు దాటిన ఆలస్యం. పాతవాళ్లకు ఇది తెలుసు, బీజసంస్కారం పేరుతో దిద్దేవారు. దిద్దడం ఆగాక తేడా పేరుకుంది. వాక్యం వాళ్ల అంకెలు కొంచెం వేరు, జబ్బు మాత్రం అదే.

అలాగని వాక్యాన్ని తీసిపారేయకండి. 1825 మే 31 రాత్రి చంద్రగ్రహణాన్ని పుదుచ్చేరిలో ఒక పంచాంగకర్త నేల మీద గవ్వలు పేర్చి, కంఠస్థం చేసిన వాక్యాలతో లెక్కగట్టాడు. జాన్ వారెన్ కాలసంకలితలో ఇది రాశాడు. గ్రహణం పట్టే సమయంలో తప్పు నాలుగు నిమిషాలే, విడిచే సమయంలో మాత్రం 52. కాగితం లేదు, కలం లేదు!

తర్వాత మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు దూరదర్శినితో చూసినవాడు. కంటికి కనబడేదానికి సరిపోయే దృగ్గణిత పంచాంగం వేశాడు. అప్పుడూ గొడవే, ఇప్పుడూ గొడవే.

ఆ పిల్లకిప్పుడు కొడుకు. వాడి జాతకం ఏ పంచాంగంతో రాయించాలో బావగారు ఇంకా తేల్చలేదు.